లాంచీ తనిఖీలో ఇంజను గదికి చోటేదీ?

రాజమహేంద్రవరం: గోదావరిలో ఎర్రనీరు తగ్గి, నది తేటపడిన తరువాత పాపికొండల విహారయాత్రకు లాంచీలు మళ్ళీ సిద్ధం కావడం ఏటా జరిగేదే. రంగులు వేస్తారు. కుర్చీలు కడుగుతారు. లైఫ్ జాకెట్లు ఎండలో ఆరవేసి లెక్క చూస్తారు. అధికారులు వస్తారు, కాగితాలు పరిశీలిస్తారు, ఫొటోలు తీసుకుంటారు. వరద నెలలన్నీ ఒడ్డున కట్టి ఉంచిన లాంచీలో చెక్కల కింద ఉన్న డీజిల్ ఇంజను సంగతి మాత్రం యజమానికీ, ఇంజను డ్రైవరుకూ మధ్య వ్యవహారంగానే మిగిలిపోతున్నది. యాత్రికుల ప్రాణాలు లైఫ్ జాకెట్ల మీద ఎంత ఆధారపడి ఉన్నాయో ఈ ఇంజను మీదా అంతే ఆధారపడి ఉన్నాయి. జాకెట్టు అవసరం పడేది ప్రమాదం జరిగాక. ఇంజను బాగోగులు చూడవలసింది అంతకు ముందు.

ఇటీవలి సంవత్సరాల్లో జరిగిన దుర్ఘటనలు పాఠకులకు విదితమే. 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2018 మే 11న దేవీపట్నం మండలంలో పాపికొండలకు వెళుతున్న లాంచీకి నిప్పంటుకున్నది. ఒడ్డు దగ్గరలో ఉండబట్టి యాత్రికులు బయటపడ్డారు. మరి నాలుగు రోజులకే, మే 15న, మంటూరు వద్ద ఈదురుగాలికి సర్వీసు లాంచీ మునిగిపోయింది. ఇక 2019 సెప్టెంబరు 15 నాటి కచ్చులూరు దుర్ఘటన సంగతి చెప్పనక్కరలేదు. అందులో ఉన్నవారిలో 26 మంది మాత్రమే బతికి బయటపడ్డారు. మునిగిన లాంచీని అక్టోబరు 22న గాని ఒడ్డుకు చేర్చలేకపోయారు.

వీటన్నిటినీ ఇంజను ఖాతాలో వేయడం న్యాయం కాదు. కచ్చులూరు వద్ద గోదావరి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరదతో పోటెత్తి ఉన్నది. అటువంటి నీటిలో లాంచీ బయలుదేరడమే మొదటి ప్రశ్న. మంటూరులో గాలి. అయితే ఈ ప్రమాదాల తరువాత వచ్చిన కట్టుదిట్టాలు దాదాపుగా పైకి కనిపించే వాటికే పరిమితమైనాయి. కంట్రోల్ రూములు వచ్చాయి. మనుషుల లెక్క, టిక్కెట్లు, జాకెట్లు, నీటిమట్టం చూసి అనుమతి ఇవ్వడం వంటివి ఒక క్రమానికి వచ్చాయి. ఇది మంచి మార్పే, సందేహం లేదు. కాని ప్రశాంతంగా ఉన్న నదిలో, అనుమతి ఉన్న లాంచీలో, జాకెట్లు తొడుక్కున్న మనుషులతో వెళుతుండగా నది నడుమ ఇంజను ఆగిపోతే ఏమిటన్న దానికి ఈ తనిఖీలలో సమాధానం దొరకదు.

సర్వే రోజు, మిగతా రోజులు

1917 నాటి లోతట్టు జల నౌకల చట్టం స్థానంలో పార్లమెంటు 2021లో కొత్త చట్టం చేసింది. యంత్రంతో నడిచే ప్రతి నౌకకూ సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలనీ, నడిపేవారికి అర్హత ధ్రువపత్రాలు ఉండాలనీ ఈ చట్టం నిర్దేశిస్తున్నది. సర్వేయరు వచ్చి పడవ అడుగు, తూకం, ఇంజను చూసి ధ్రువపత్రం ఇస్తాడు. ఆ కాగితం ఆ రోజు సంగతి చెబుతుంది. ఆ తరువాత నెలల తరబడి ఇంజను ఎన్ని గంటలు నడిచిందో, డీజిల్ ఎక్కడిది పోశారో, ఫిల్టరు ఎప్పుడు మార్చారో అది చెప్పదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ఘాటు దగ్గర కట్టి ఉన్న లాంచీ ఇంజను స్టార్టు చేసి పది నిమిషాలు నడిపి చూస్తే సగం మూసుకుపోయిన ఫిల్టరు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. ఖాళీగా తిరిగే ఇంజనుకు కావలసిన డీజిల్ కొద్దిపాటిది. ఆ కొద్దీ ఎలాగో అందుతుంది. నిండా జనంతో, ప్రవాహానికి ఎదురుగా, పూర్తి వేగం ఇచ్చినప్పుడే ఇంజనుకు డీజిల్ చాలదు, అప్పుడే వేగం పడిపోతుంది, తడబడి ఆగుతుంది. నీటి పంపు అరుగుదల కూడా ఇటువంటిదే. ఘాటు దగ్గర వేడి ఎక్కని ఇంజను ఎదురీతలో గంటకల్లా మరుగుతుంది. కనుక సీజను మొదట యాత్రికులను ఎక్కించకుండా, వారి బరువుకు సమానంగా ఇసుక బస్తాలు వేసి, ఎగువకు ఒక గంటైనా పూర్తి వేగంతో నడిపి చూడని పరీక్షను పరీక్ష అనడానికి వీలులేదు.

వరద నెలల్లో ట్యాంకులో జరిగేది

డీజిల్ ఇంజను మొండిది. పెట్రోలు ఇంజనులా దీనికి స్పార్కు ప్లగ్గులు అక్కరలేదు. శుభ్రమైన డీజిల్, గాలి, చల్లదనం, కందెన ఉంటే పాత తరహా ఇంజను రోజుల తరబడి ఆగకుండా తిరుగుతుంది. అందుచేత ఆగిన ఇంజనుల కథల్లో చాలా వాటి మూలం డీజిల్ లోనే ఉంటుంది.

జూన్, జూలై నెలల్లో వరద మొదలయి యాత్ర ఆగుతుంది. గండి పోచమ్మ అమ్మవారి ఆలయంలోకి నీరు వచ్చిన రోజుల్లో లాంచీ కదిలే ప్రసక్తే లేదు. అప్పటి నుంచి నీరు తగ్గి అనుమతి వచ్చేదాకా నెలల తరబడి ఇంజను కూర్చుని ఉంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే పైభాగంలోని తడిగాలి రాత్రి చల్లదనానికి చెమ్మగా మారి, గోడలవెంట జారి డీజిల్ అడుగున నీరుగా చేరుతుంది. డీజిల్ కన్న నీరు బరువు గనుక అక్కడే నిలుస్తుంది. ఆ నీటికీ డీజిలుకూ మధ్యన సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. ట్యాంకు నిండుగా ఉంచితే ఈ బెడద చాలా తగ్గుతుంది. కాని సీజను లేని రోజుల్లో వేల రూపాయల డీజిల్ ట్యాంకులో పోసి ఉంచడానికి ఏ యజమానికీ మనసొప్పదు. దొంగల భయం ఒకటి. ఘాటుకు డీజిలును పీపాల్లో, డబ్బాల్లో తెచ్చి గరాటుతో పోసేచోట వాన చినుకులు, ఇసుక రేణువులు దానికి తోడవుతాయి.

ఈ మురికి ఎప్పుడు బయటపడుతుందన్నదే అసలు ప్రమాదం. నది ప్రశాంతంగా ఉన్నంతకాలం అది ట్యాంకు అడుగున కదలకుండా పడి ఉంటుంది. గాలివాన వచ్చి, అలలు లేచి లాంచీ ఊగినప్పుడు అడుగు మడ్డి అంతా కలగాపులగమై ఒక్కసారిగా ఫిల్టరులోకి వస్తుంది. అంటే ఇంజను అవసరం ఎక్కువగా ఉన్న క్షణంలోనే ఇంజను ఆగుతుంది. ఇది దురదృష్టం కాదు, దానికి కారణం వరద నెలల్లోనే తయారయి ఉన్నది.

దీనికి విరుగుడు పెద్ద శాస్త్రమేమీ కాదు. నీటిని వేరుచేసే గిన్నె అడుగున ఉన్న మరను రోజూ ఉదయం ఒకసారి తిప్పి, గాజు సీసాలోకి కొంచెం వదిలి చూస్తే నీరు ఉన్నదీ లేనిదీ కంటికే కనిపిస్తుంది. సీజను ముందు ట్యాంకు అడుగు కడగాలి. ఫిల్టర్లు మార్చాలి. రెండేసి కొత్త ఫిల్టర్లు లాంచీలోనే ఉండాలి.

ఫిల్టరు మార్చినా, ట్యాంకు అట్టడుగుకు డీజిల్ పోయినా లైనులో గాలి చేరుతుంది. డెల్టాలో 5 అశ్వశక్తి ఆయిల్ ఇంజనుతో చేలకు నీరు తోడిన రైతులకు ఈ ‘ఎయిర్ పట్టడం’ కొత్త కాదు. ఫిల్టరు మీది చిన్న మర వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా ఆగి బిగించడం వారికి కొట్టినపిండి. చేలో అయితే అరగంట ఆలస్యమయినా వరి ఎండిపోదు. నది నడుమ ఆ అరగంట లేదు. పాన, టార్చిలైటు, గుడ్డపీలికలు ఎక్కడున్నాయో వెతుక్కునే పరిస్థితి అసలు ఉండకూడదు. ఒక హెచ్చరిక కూడా అవసరం. కంప్యూటరుతో నడిచే కొత్త కామన్ రైలు ఇంజన్లలో డీజిల్ ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. పాత అలవాటుతో ఇంజెక్టరు గొట్టాలు విప్పితే ఆ ధార చర్మంలోకి దిగి చేతినే పోగొడుతుంది. ఏ ఇంజనుకు ఏ పద్ధతో తెలిసిన మనిషే దాని దగ్గర ఉండాలి.

ఇంజన్లు రెండు, ట్యాంకు ఒకటి

పెద్ద లాంచీకి రెండు ఇంజన్లు ఉంటే చాలు, ఒకటి ఆగినా రెండోది ఒడ్డు చేరుస్తుంది అన్న ధీమా ఒకటి వినవస్తుంటుంది. మాట సబబే, కాని ఆ రెండూ ఒకే ట్యాంకు నుంచి, ఒకే గొట్టం ద్వారా, ఒకే ఫిల్టరు గుండా డీజిల్ తాగుతుంటే అవి రెండు ఇంజన్లు కావు. మడ్డి వచ్చిన రోజున రెండూ నిమిషాల తేడాతో ఆగుతాయి. రెండింటినీ ఒకే బ్యాటరీతో స్టార్టు చేసే ఏర్పాటుకూ ఇదే వర్తిస్తుంది. సర్వే పత్రంలో ఇంజన్లు ఎన్ని అన్న గడితోపాటు ట్యాంకులు ఎన్ని, ఫిల్టర్లు విడివిడిగా ఉన్నాయా అన్న ప్రశ్న కూడా అడగవలసి ఉన్నది. దీనికి కావలసింది మరో చిన్న ట్యాంకు, కొంత గొట్టం, రెండు వాల్వులు. లాంచీ ఖరీదులో ఇది లెక్కలోకి రాని ఖర్చు.

లంగరు ఉన్నదిగదా అనవచ్చు. పాపికొండల నడుమ నది లోతు తెలిసినవారు ఆ మాట అనరు. కచ్చులూరులో మునిగిన లాంచీ కోసం సుమారు 200 అడుగుల లోతున వెతకవలసి వచ్చింది. లంగరు నేలను పట్టాలంటే లోతుకు కనీసం మూడు రెట్లు మోకు వదలాలి. అంత మోకు విహార లాంచీలో ఉండదు. ఉన్నా అది జారిపోయేలోపు లాంచీ ఎక్కడికో కొట్టుకుపోతుంది. ఇంజను ఆగిన లాంచీకి చుక్కాని కూడా పని చేయదు. నీటికన్న వేగంగా కదులుతున్నప్పుడే చుక్కాని మాట వింటుంది. ప్రవాహంతోపాటే తేలిపోతున్న లాంచీలో సరంగు చక్రం ఎటు తిప్పినా ఒకటే. అందుకే ఎదురెక్కేటప్పుడు కన్న తిరుగు ప్రయాణంలో ఇంజను ఆగడం ఎక్కువ ప్రమాదకరమని చెప్పవలసి ఉంటుంది.

2021లో పోలవరం ఎగువ కాఫర్‌డ్యామ్ వల్ల నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించిన తరువాత ఎగువన నీరు నిలిచి, వరదలు లేని నెలల్లో ప్రవాహ వేగం తగ్గింది. ఇది కొంత మేలే. అయితే నీరు విస్తరించిన చోట్ల అలలకూ గాలికీ చోటు పెరిగింది. ఇంజను ఆగిన లాంచీని ఇప్పుడు గాలి కొట్టుకుపోతుంది. పైన రెండంతస్తుల కప్పు ఉన్న లాంచీకి గాలి తెరచాపకు తగిలినట్టే తగులుతుంది.

ఒండ్రు, గుర్రపుడెక్క

నదిలో తిరిగే ఇంజనుకు చల్లదనం నదినుంచే రావాలి. లారీకి ముందు రేడియేటరు, ఎదురుగాలి ఉంటాయి. లారీ ఇంజనునే లాంచీకి అనువుగా మార్చి బిగించినప్పుడు ఆ గాలి పని నది నీరు చేస్తుంది. పంపు నది నీటిని లాగి, ఇంజను లోపల తిరిగే నీటిని చల్లబరిచే పెట్టె గుండా పంపి బయటికి తోసేస్తుంది. గోదావరి నీరంటే సముద్రపు ఉప్పు బాధ లేదు, నిజమే. దాని బదులు ఒండ్రు ఉన్నది. సన్నని ఇసుక పంపులోని రబ్బరు చక్రాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. గుర్రపుడెక్క తీగలు, ప్లాస్టిక్ సంచులు, తెగిన వలముక్కలు నీరు లాగే జల్లెడను మూసేస్తాయి. నీరు అందకుండా తిరిగిన రబ్బరు చక్రం ఒకటి రెండు నిమిషాల్లోనే కాలి ముక్కలవుతుంది. ఆ ముక్కలు గొట్టాల్లో ఇరుక్కుంటే కొత్త చక్రం వేసినా వేడి తగ్గదు. పాత చక్రం రెక్కలన్నీ లెక్కకు వచ్చాయా అని చూసుకున్న తరువాతనే మూత బిగించే మెకానిక్కును నమ్మవచ్చు.

వేడి ముల్లు పైకి లేస్తే ఇంజను ఆపి చూడడం సులభమైన సలహా. వంద మందితో నది మలుపులో ఉన్న సరంగుకు అది సులభం కాదు. అందుచేత ముల్లు లేవకముందే లాంచీ పక్కన పడే నీటి ధార మీద కన్నేసి ఉంచడం పాతవాళ్ళ పద్ధతి. ధార సన్నబడితే వేగం తగ్గించి ఒడ్డు దరికి మళ్ళడానికి వ్యవధి ఉంటుంది. ఈ పని మీద ఉన్న మనిషి టిక్కెట్లు చూడటానికో, భోజనాలు వడ్డించడానికో పోకూడదు.

మిగిలినవి తెలిసినవే. పొగ నల్లగా వస్తే బరువు ఎక్కువో, గాలి తక్కువో, అడుగున ఫ్యానుకు ఏదో చుట్టుకున్నదో అనుకోవాలి. నీలిపొగ అయితే ఇంజనాయిలు మండుతున్నది. వేడెక్కాక కూడా తెల్లపొగ వీడకపోతే ఇంజెక్టర్లో, లోపలికి దిగుతున్న నీరో. ఆయిల్ పుల్ల తీసినప్పుడు ఆయిలు పాలలా తెల్లబారి ఉంటే ఆ రోజు యాత్ర రద్దు చేయడం తప్ప మార్గం లేదు. బ్యాటరీ టెర్మినళ్ళకు పట్టిన పచ్చని చిలుము గీకి వేయడానికి మెకానిక్కు కూడా అక్కరలేదు. స్టార్టు కాని ఇంజన్లలో ఎన్నో ఆ చిలుము వల్లనే మొరాయిస్తాయి.

నిప్పు సంగతి వేరు. డీజిల్ పెట్రోలులా భగ్గుమనదు గనుక లాంచీవాళ్ళకు దానిపై భయం తక్కువ. కాని ఇంజెక్టరు నుంచి వెనక్కి వచ్చే సన్న గొట్టం చిట్లి, మండుతున్న పొగగొట్టం మీద డీజిల్ తుంపర పడితే అంటుకోవడానికి క్షణం చాలు. పొగగొట్టానికి చుట్టిన ఆస్బెస్టాస్ తాడు గానీ మరో కప్పు గానీ ఊడి వేలాడుతుండటం, అడుగున నీటిపై ఆయిలు తెట్టెకట్టి ఉండటం, ఇంజను గదిలోనే వంటగ్యాసు సిలిండరు, పాతగుడ్డలు పెట్టుకోవడం వంటివి ఒక్కసారి తలుపు తీసి తొంగిచూస్తే తెలిసిపోతాయి. 2018 నాటి అగ్నిప్రమాదం తరువాత కూడా ఈ తలుపు తీసి చూడడం నిత్యకృత్యం కాలేదంటే ఏమనుకోవాలి? షాఫ్టు బయటికి వెళ్ళే చోట గ్లాండు నుంచి చుక్కచుక్కగా నీరు పడటం సహజం, పాతరకం గ్లాండుకు అది అవసరం కూడా. ధారగా పడితే మాత్రం అడుగు నీరు తోడే పంపు ఎన్నిసార్లు ఆన్ అవుతున్నదో చూసుకోవాలి.

ఇంజను మనిషి

లాంచీ ముందు చక్రం పట్టుకునే సరంగు అందరికీ కనిపిస్తాడు. వెనుక వేడిలో, పొగలో కూర్చునే ఇంజను డ్రైవరు కనిపించడు. ఇద్దరి పనులు వేరని చట్టం కూడా గుర్తించి వేర్వేరు అర్హతలు పెట్టింది. ఆచరణలో చిన్న లాంచీల మీద ఒకే మనిషి రెండు పనులూ చేయడమో, కొత్త కుర్రవాడిని ఇంజను దగ్గర కూర్చోబెట్టడమో జరిగితే ఆశ్చర్యపడనక్కరలేదు. యజమాని వైపునుంచి చూస్తే ఆయనకూ బాధ ఉన్నది. సంవత్సరంలో యాత్ర సాగే రోజులు కొన్నే. వరద వస్తే బుకింగులు రద్దు. అల్పపీడనం వస్తే రద్దు. ఆ నెలల్లో ఇంజను డ్రైవరుకు జీతం ఇవ్వడం భారమని అతన్ని పంపివేస్తే అతను ఆటో నడుపుకోవడానికో, మరో ఊరికో పోతాడు. నవంబరులో వచ్చేది వేరొకడు. ఈ ఇంజను కిందటి మార్చిలో ఎలా దగ్గిందో అతనికి తెలియదు.

ఇక్కడే లాగ్ బుక్కు అక్కరకు వస్తుంది. ఇంజను నడిచిన గంటలు, ఆయిలు మార్చిన తేదీ, ఫిల్టరు, బెల్టు, రబ్బరు చక్రం వేసిన తేదీ, ఉదయం గిన్నెలో నీరు కనపడిందా, వేడి ముల్లు ఎంతవరకు పోయింది అన్న నాలుగు మాటలు రోజూ రాసి సంతకం పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. మనిషి మారినా పుస్తకం మారదు. విమానాలకూ రైలు ఇంజన్లకూ ఉన్నది లాంచీకి ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నకు యజమానులు పని ఎక్కువ అంటారు. కంట్రోల్ రూమువారు తమకు సాంకేతిక సిబ్బంది లేరనవచ్చు. లాగ్ బుక్కు చదవడానికి ఇంజనీరు అక్కరలేదు. ఆయిలు మార్చవలసిన గంటలు దాటిపోయాయని అంకెలే చెబుతాయి. బస్సు డిపోలలో, మెరైన్ వర్కుషాపులలో పనిచేసి రిటైరయిన మెకానిక్కులను సీజను వరకు నియమించి ఘాటుకు ఒకరిని పెట్టినా పర్యాటక శాఖకు పెద్ద భారం కాదు.

ఇవన్నీ చేసినా ఇంజను ఆగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆగినప్పుడు ఎవరు వచ్చి లాగుతారన్నది తేల్చుకోవాలి. కొండల నడుమ సెల్‌ఫోను సిగ్నలు ఉండదు. ఉదయం లాంచీలు ఒకదాని వెంట ఒకటి వెళతాయి గనుక వెనుక వచ్చేవారు చూస్తారు. సాయంత్రం పేరంటాలపల్లి నుంచి చివరగా బయలుదేరిన లాంచీ వెనుక ఎవరూ ఉండరు. వెలుతురు తగ్గుతుంటుంది, ముందుపోయిన లాంచీ మలుపు తిరిగిపోతుంది. ఆ చివరి లాంచీకి వైర్‌లెస్ సెట్టు, లాగుడు మోకు ఉన్నాయా, కొక్కెం ఆ బరువుకు ఆగుతుందా, గండి పోచమ్మ వద్ద దాని రాకను లెక్క చూసుకుని, రాకపోతే ఇంజను వేడిగా ఉంచిన మరో లాంచీని పంపే మనిషి ఎవరన్నది సీజను మొదటి టిక్కెట్టు అమ్మకముందే రాతలో ఉండవలసి ఉన్నది.